బుజ్జి గంపకు మెత్త

అక్కకీ బావగారికీ సూరిబాబు దండాలు పెట్టి రాస్తున్నది.

నాకు ఒంట్లో బాగానే ఉంది, తిండికి లోటు లేదు, దిగులు పడకు. బావగారి మోకాలు నొప్పి తగ్గిందా? బుజ్జి పెళ్లి పనుల్లో పడి నువ్వు అన్నం మానేసి తిరుగుతుంటావని నాకు తెలుసు. వేళకు తిను. మొన్న ఫోన్లో "ఎప్పుడు బయల్దేరుతున్నావురా" అని అడిగితే "చూద్దాంలే అక్కా" అని పెట్టేశాను. నువ్వు అటు ఏడిస్తే నాకు ఇటు మాట రాదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దీంతోపాటు ఒక పార్సిల్ వస్తుంది. ఉత్తరం మొత్తం చదివాకే విప్పు.

నేనుండేది ధర్మవరం దగ్గర బత్తలపల్లి నుంచి బాగా లోపలికి. చుట్టూ వేరుశనగ చేలు. పాలకొల్లులో ఆటోలకు సీట్లు కుట్టుకునే నన్ను ఈ ఎండల్లోకి తెచ్చిన మా సారు పుట్టింది ఈ పక్క ఊళ్లోనే. వ్యాపారం బెంగుళూరులో. పాత కార్లంటే పిచ్చి. పెద్ద రేకుల షెడ్డు వేయించి తన కార్లన్నీ ఇక్కడే దాచాడు. "ఈడ వాన పడదు, ఇనుముకు తుప్పు పట్టదు. మనుసులకు పనికిరాని గాలి బండ్లకు మంచిదప్పా" అంటాడు. నిజమేనక్కా. మన గేటు గొళ్లెం రెండు వానాకాలాలు ఆగదు కదా, ఇక్కడ తాతలనాటి బంపర్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. మబ్బు మాత్రం రోజూ వచ్చి మొహం చూపించి పోతుంది. నాకు మన కాలవలో ఈత కొడుతున్నట్టు కలలొస్తున్నాయి.

కాపలాదారు ఓబులేసు భార్య ఈరమ్మ నాకు వేళకు సంగటి పెడుతుంది. దాంట్లోకి ఊరుబిండి అని వేయించిన శనక్కాయల పచ్చడి చేస్తుంది, బాగుంటుంది. నీ చేపల పులుసు సంగతి మాత్రం ఎత్తకు, కాగితం తడిసిపోతుంది.

ఆదివారాలు సారు స్నేహితులు బెంగుళూరు నుంచి తమ తమ పాత బండ్ల మీద దిగుతారు. ఒకాయన తన బుల్లెట్‌కు హ్యాండిల్ ఎంత ఎత్తు పెట్టించుకున్నాడంటే, నడుపుతుంటే దండెం మీద పంచె ఆరేస్తున్నట్టే ఉంటాడు. ఇంజను స్టార్టు చేసి అందరూ కళ్లు మూసుకుని కచేరీ విన్నట్టు వింటారు. ఒక పెద్దాయన స్టీరింగు పట్టుకుని వాళ్ల నాన్నను తలుచుకుని ఏడ్చాడు. మొదట్లో నాకు నవ్వొచ్చేది, ఇప్పుడు రాదు. పొద్దుగూకే సరికి వాళ్లు వెళ్లిపోతారు, గేటుకు తాళం పడుతుంది. కదలని బండ్ల మధ్య ఉండి ఉండి నేనూ వాటిలో ఒకణ్ణి అయిపోయాననిపిస్తుంది.

అన్నిట్లోకీ సారుకు ప్రాణం ఒక నల్ల కారు. వాళ్ల నాన్న ఒక షావుకారు దగ్గర ఆ కారుకే డ్రైవరు. సారు దాన్ని ఏళ్ల తరబడి వెతికి కొన్నాడు. వెనక సీటుకు మీగడ రంగు మఖమల్.

"మా నాయన బతుకంతా ముందర కూర్చోని తోలినాడు. ఈ సీటు మింద ఒగసారి గూడా కూర్చోలేదు. ఆ గుడ్డ మార్చొద్దు సూరిబాబూ, అదే ఉండల్ల" అన్నాడు.

అందుకని కుట్లు ఒక్కొక్కటే విప్పి, గుడ్డ ఉతికి, చిరుగులకు వెనక నుంచి అతుకులేసి, పాత సూది దిగిన రంధ్రాల్లోనే మళ్లీ సూది దించి కుట్టాను. కళ్లు పోయాయనుకో. అయిపోయిన రోజు సారు సీటు తడిమి చూసుకుని, దసరా వెళ్లాక ఊరికి పోయి పెళ్లి చూసుకుని రమ్మన్నాడు. నేను అప్పుడే సంచి సర్దుకున్నాను.

ఇక ఓబులేసు గురించి చెప్పాలి. ఈ షెడ్డున్న నేల ఒకప్పుడు అతనిదే. బోర్లు ఎండి, పంటలు పోయి, సారుకు అమ్మేసి, ఆ నేలలోనే ఒక మూల గుడిసెలో కాపలా ఉంటున్నాడు. నాకు జ్వరమొస్తే మంచం పక్కన కూర్చున్నవాడు అతనే. ఈ వైపు ఆయుధపూజ అంటే బండ్ల పండగ, పాత సైకిలుకైనా పసుపు పెట్టందే తొక్కరు. పండగనాడు నేను లేచేసరికి ఓబులేసు బండ్లన్నీ కడిగి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, అన్నిటికీ బొట్లు పెట్టేశాడు. రేకు మీద బొట్లు తుడిస్తే పోయాయి. కానీ నల్ల కారు తలుపు తీసి, లచ్చిమి కూర్చునే చోటని, తడి పసుపులో రెండు అరచేతులూ ముంచి ఆ మఖమల్ మీద అద్దాడు.

మఖమల్‌కు పట్టిన పసుపు పోతుందా అక్కా? సబ్బు పెడితే ఎర్రగా తిరిగి, ఆరాక మళ్లీ పసుపే అయింది. పాపం ఓబులేసు అదే రంగు గుడ్డ కోసం ధర్మవరం పోయి, అంచుతో సహా మీగడ రంగు పట్టుగుడ్డ తెచ్చాడు. "బండికి పట్టుచీర కడతావా ఏమప్పా" అని నేను నవ్వాను. అతను నవ్వలేదు.

సారు వచ్చి చూసి అరవలేదు. కారు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. ఆ తర్వాత అన్నాడు, "అట్లాంటి గుడ్డ బయటి దేశం నుంచి తెప్పిస్తాండా. నువ్వే కుట్టల్ల. బెంగుళూరులో బండ్ల ప్రదర్శనకు ఇది పోవల్ల."

ఆ గుడ్డ వచ్చేది సరిగ్గా పెళ్లి వారంలో. నేను బతిమాలాను.

"పెండ్లికని పోయినోడు యాడ తిరిగొచ్చినాడు? నీ ముందర వచ్చినోళ్లందరూ అట్లనే పోయినారు. పోతే పో. సీటు కుదరకుంటే మాత్రం ఓబులేసు గుడిసె ఖాళీ చేయల్ల" అన్నాడు.

ఓబులేసు నన్ను పక్కకు పిలిచాడు. "నువ్వు పోన్నా. మేనమామ ల్యాకుండా పెండ్లేంది? నా బతుకు నేను సూసుకుంటా." అన్నాడే గానీ, వెనక నిలబడిన ఈరమ్మ మొహం నేను చూశాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది నా పని. గేటుకు తాళం తీసే ఉంది అక్కా. నాకే కాళ్లు కదలడం లేదు.

అక్కా, నేను పెళ్లికి రాలేను. ఇదిగో, రాసేశాను.

నీకున్నది ఒక్కణ్ణే తమ్ముణ్ణి. బుజ్జిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది నేనేనని అది ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ చెప్పుకున్నాను. "నడుం పట్టేస్తుంది మామయ్యా, ఇప్పట్నుంచే బస్తాలు మొయ్యి" అని అది వేళాకోళం ఆడేది. ఇప్పుడు చిన్నాన్న కొడుకు శ్రీనుకు చెప్పు, వాడూ మేనమామే. వాడికి ఈ పని ఇస్తుంటే నాకు కడుపులో మండుతోంది. అయినా చెప్పు.

పార్సిల్లో ఉన్నది ఆ మఖమలే. సారు కళ్ల ముందు ఉంచొద్దన్నాడు. "పసుపు పడిన గుడ్డను పారేయగూడదన్నా" అని ఓబులేసు గుండెకు హత్తుకుని కూర్చున్నాడు. మా మేనకోడలి గంపలోకి మెత్త కుట్టుకోనా అని సారును అడిగాను. ఆ గుడ్డను చేతుల్లోకి తీసుకున్నాడు.

"పెండ్లికూతురు కూర్చుంటాదా? కూర్చోనీ. మా నాయన ఎట్లాగూ కూర్చోలేదు" అన్నాడు.

బూరుగు దూది పెట్టి కుట్టాను. మెత్తగా ఉంటుంది. ఒక మూల కుట్టు వంకర పోయింది, అక్కడ నాకు కళ్లు కనపడలేదు. బుజ్జికి చెప్పు, గంప ఎత్తడానికి మామయ్య చేతులు రాలేకపోయాయి, వాటి బదులు ఓబులేసు చేతులు వస్తున్నాయని. శ్రీనుకు మరీ మరీ చెప్పు, మెత్తను తిరగేసి వెయ్యొద్దని. ఆ రెండు అరచేతులూ పైకే ఉండాలి.

పెద్దలందరికీ నా నమస్కారాలు. పిల్లకు, పెళ్లికొడుక్కి నా దీవెనలు. నన్ను ముందు కడుపారా తిట్టి, ఆ తర్వాత దీవించు.

నీ తమ్ముడు,
సూరిబాబు