సంచి విప్పేదాకా

రాపూరు కొండలు, 1961

అమ్మా జాన్‌బీ, మీ అబ్బ దరియావలి దువా. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి, దిగులు పడకు. మన వాకాడు టపా బస్సెక్కి నా పరుగుతో పని లేకపోయాక, ఈ కొండదారిన టపా మోయడానికి ఒప్పుకున్నానని అలిగావు. వచ్చినప్పటినుంచి నీ దగ్గరనుంచి ఒక్క ముక్కా లేదు.

మొన్న టపా సంచితో కొండెక్కుతుంటే దారికడ్డంగా ఎలుగుబంటి కూర్చుని చెదలపుట్ట తవ్వుకుంటోంది. నా చేతి బరిసెకు కట్టిన గజ్జెలు ఆడించాను. మనూళ్ళో ఈ చప్పుడుకు టపా వచ్చిందని వీధంతా బయటికొచ్చేది. ఇది తల కూడా ఎత్తలేదు. సర్కారు టపా అని చెప్పినా వినలేదు, దానికి జాబు రాసేవాళ్ళెవరు గనక! కడుపు నిండాక తీరిగ్గా పోయింది. ఆలస్యమైందని ఉరికాను. పైన గూడెంలో ఉండే పేరమ్మ అనే ఆమె చూసి నవ్వింది.

"ఏం సాయిబన్నా, ఇంత ఉరుకులాట? సంచిలో నీకేమన్నా జాబుండాదా?"

"సీలు తీస్తే గదమ్మా తెలిసేది!"

పోస్టుమాస్టరు తీశాడు. ఊళ్ళో అందరికీ ఉన్నాయి.

మోకాళ్ళకు ఆముదం, కాసిని ఎండు రొయ్యలు ఎవరిచేతనైనా పంపించు. ఇక్కడ సముద్రం వాసనే లేదు. మేక ఈనిందా? వానలకు ముందే పైకప్పు తాటాకు మార్పించు. అల్లుడికి దువా చెప్పు.

కోపం ఉంచుకో, కార్డు మాత్రం వెయ్యి. సంచి విప్పేదాకా అందులో నాదుందో లేదో తెలియదు గనక, ఎక్కేటప్పుడు పరుగు దానంతటదే వస్తుంది. దిగేటప్పుడే తల్లీ, కాళ్ళు బరువు.

అల్లా నిన్ను చల్లగా చూడాలి.

మీ అబ్బ