అట్ట మీది అమ్మ

జనవరి 11

ప్రెస్ నుంచి మా కాలనీ ఫోటోల పుస్తకం మొదటి ప్రూఫ్ వచ్చింది. తమిళం వరుసలన్నీ బాగున్నాయి. తెలుగులో ఒత్తులు విడిపోయినాయి. ‘అవ్వ’ అని రాస్తే ‘అవ్’ ఒక పక్క, ‘వ’ ఒక పక్క. ప్రెస్ అన్నకు తెలుగు రాదు. “అన్నీ చుట్టలు చుట్టలుగానే ఉన్నాయి కదమ్మా, నీకు మాత్రం ఎట్లా తెలుస్తుంది?” అన్నాడు.

వేరే ఫాంట్ పెట్టించాలి. నేను పనిచేసే ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ వెనక, టిఫిన్ డబ్బా ఒడిలో పెట్టుకొని అన్ని పేజీలూ మళ్ళీ దిద్దినాను.

జనవరి 12

కాలనీలో ఈ తెలుగు వరుసలు చదివేది ఎవరు? నేను. ఇంకా... నేనే. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, కానీ బడికి పోయినవాళ్ళం తమిళం బడికే పోయినాం. మా ఇంట్లో బడి ముగించింది నేనొక్కదాన్నే. నేనైనా ఈ అక్షరాలు డిగ్రీ అయినాక ఫోనులో చూసి నేర్చుకున్నవే.

అయినా ఉండాలి. కోయంబత్తూరు ఊడ్చినవాళ్ళ ఫోటోలు, వాళ్ళ పేర్లు, వాళ్ళ నోట్లో ఉన్న మాటలో. ఒక్కసారైనా అచ్చులో.

జనవరి 15

అట్టకు ఫోటో నిర్ణయమైంది. చీపుర్లు పట్టుకొని వరుసగా నిలబడిన ఐదుగురు ఆడవాళ్ళు. ఊడ్చేవాళ్ళ చేత పని చేయించిన పాత మేస్త్రీ కోడలు రేకు పెట్టెలో వెదికి ఇచ్చింది. వెనక మేస్త్రీ పెన్సిల్‌తో తమిళంలో ఐదు పేర్లు రాసినాడు.

మూడో పేరు మా ముత్తవ్వది. అవ్వ వాళ్ళ అమ్మ.

ఆ పేరు మొదటిసారి చదివి వినిపించినప్పుడు అవ్వ పడుకొని ఉంది. “బాలమ్మ” అన్నాను. లేచి కూర్చుంది. “మా అమ్మే. అదే మా అమ్మ.” ఫోటోను ముక్కు దగ్గర పెట్టుకొని తడిమింది. రెండు కళ్ళలోనూ పొర. షుగర్ తగ్గితే గాని ఆపరేషన్ చేయం అంటున్నారు. అవ్వకు రెండేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయింది. మొఖం ఎట్లా ఉంటుందో అవ్వకు తెలియదు.

జనవరి 16

ఫోటో శుభ్రం చేసినాను. డెబ్బై ఏండ్ల బూజు — చీరల మీద చుక్కలు, చేతుల మీద మచ్చలు, గడ్డం కింద గీత. ఫోనులోనే ఒక్కొక్కటీ వేలితో తుడిచినాను. అందరూ నున్నగా, అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు ఉన్నారు. ముత్తవ్వ ఒక్కదాన్నీ పెద్దది చేసి ఫ్రేము కట్టించినాను.

జనవరి 18. తై అమావాస్య

ఇన్నేళ్ళూ అవ్వ, పోయినవాళ్ళకు మొక్కే ఈ అమావాస్యకు, వాళ్ళమ్మ అని ఒక ఇత్తడి చెంబుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, దాని ముందర వడ పెట్టి మొక్కేది. ఫోటో లేనివాళ్ళకు చెంబే. ఈరోజు చెంబు అటక మీదికి పోయింది. ఫ్రేముకు బొట్టు. బొట్టు ముక్కు మీద పడింది, అవ్వకు కనపడలేదు, నేను సరిచేసినాను.

“అమ్మా, ఇన్నాళ్ళూ నీకు మొఖం లేకుండా చేస్తిని” అని ఒకటే మాట. మళ్ళీ మళ్ళీ.

నాయన షిఫ్టు ముగించుకొని వచ్చి, గడప బయటే నిలబడి విని, చెప్పులు విప్పకుండానే వెనక్కు పోయినాడు.

ఇంత పని నేను చేసినాను అనుకున్నాను. గర్వంగానే అనుకున్నాను. రాయకుండా ఎందుకు దాచాలి.

ఫిబ్రవరి 5

పుస్తకాలు వచ్చినాయి. అట్ట మీద ఐదుగురు, వాళ్ళ కింద పేర్లు — ఒక వరుస తమిళం, ఒక వరుస తెలుగు. ఒత్తులన్నీ అతుక్కొని ఉన్నాయి. వాసన చూసినాను. అమ్మ కూడా చూసింది. “పినాయిల్ వాసన కాకుండా ఏదో ఒకటి వచ్చింది ఇంట్లోకి” అంది.

ఫిబ్రవరి 8, ఆదివారం

మండపంలో అందరికీ పంచినాను. మైకు లేదు, మాలలు లేవు. ఎవరి ఫోటో వాళ్ళు వెదుక్కోవడమే. నవ్వులు. రెండో వీధి రోజత్త కేక: “ఏమే జయా, నా పెండ్లి ఫోటోలో మా ఆయన్ను సగం కత్తిరించేస్తివే!” నేను భయపడి చూస్తే — “సరిలే, మంచి సగమే మిగిల్చినావు.”

చివర్లో సారవ్వ వచ్చింది. చర్చి ముగించుకొని, కర్ర పట్టుకొని. కాలనీలో అందరికన్నా పెద్దది, మా అవ్వ కన్నా ఏడేళ్ళు. కళ్ళు మాత్రం సూదిలో దారం ఎక్కిస్తాయి. అట్ట చూసింది. చాలాసేపు.

“పాలమ్మ” అంది.

“బాలమ్మ, అవ్వా. మా ముత్తవ్వ.”

“ఎవరే చెప్పింది నీకు? మా అమ్మను చూపించి నాకే పేరు చెప్తావా?”

“వెనక రాసి ఉంది. నేను చదివినాను.”

“చదివినావా. చేతి మీద తేలు ఏదే? మా అమ్మకు ఎడమ చేతి మీద తేలు పచ్చబొట్టు ఉండాది. ఏం చేసినావు దాన్ని?”

ఏదో చెప్పి నవ్వేసినాను. ముసలామె, పొరపాటు పడి ఉంటుంది అనుకున్నాను. అట్లా అనుకొని ఇంటికి వచ్చినాను.

ఫిబ్రవరి 9

లీవు పెట్టినాను. అసలు ఫోటో బయటికి తీసి కిటికీ దగ్గర భూతద్దంతో చూసినాను. మూడో ఆమె. ఎడమ చేయి. నేను తుడిచేసిన మచ్చ.

తోక వంకర తిరిగి ఉంది. కొండి ఉంది.

బూజు కాదు అది.

అదే రోజు, సాయంత్రం

తమిళంలో ‘ప’కు, ‘బ’కు ఒకటే అక్షరం. పాలమ్మ అని రాసినా, బాలమ్మ అని రాసినా కాగితం మీద ఒకటే రూపు. మేస్త్రీ సరిగ్గానే రాసినాడు. నేను నాకు కావలసినట్టు చదువుకున్నాను. బాలమ్మ మా ఇంట్లో పలికే పేరు కాబట్టి బాలమ్మ అని చదివినాను. వేరే విధంగా చదవొచ్చని తట్టనే లేదు.

ఒక్క అక్షరం రాని మనుషులు డెబ్బై ఏళ్ళు ఆ ఇద్దరినీ కలపలేదు. పాలమ్మ పాలమ్మే, బాలమ్మ బాలమ్మే. కలిపింది నేను. చదువుకున్నదాన్ని.

అవ్వ ఆ ఫోటో చూసి చెప్పలేదు. నా మాట విని చెప్పింది. ఆరోజే తెలిసి ఉండాల్సింది.

ఫిబ్రవరి 10

మిగతా ఫోటోలన్నీ మళ్ళీ తీసినాను. ప్రతి ఫోటో వెనక, ప్రతి పేరూ రెండు విధాలా పలికి చూసినాను. ముత్తవ్వ లేదు. ఎక్కడా లేదు.

ఫిబ్రవరి 11

అమ్మకు చెప్పినాను. రోటి దగ్గర చేయి ఆపకుండా విన్నది.

“ఇప్పుడు ఏం చేస్తావు? ముసలిదాని దగ్గర నుంచి వాళ్ళమ్మను లాక్కుంటావా?”

“వాళ్ళమ్మ కాదు కదమ్మా.”

“కాదని నీకు తెలుసు. ఆమెకు?”

తరువాత, నా వైపు చూడకుండా — “సారవ్వకు కూడా అమ్మే కదా పాపం.”

ఆ రెండో మాట అనకుండా ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 12

ప్రెస్‌కు పోయినాను, తప్పు దిద్దే చీటీలు వేయమని. పేరు వరకు మాత్రం, చిన్నగా, తెలుగులో. ప్రెస్ అన్న పుస్తకం తిప్పి చూసినాడు. “తమిళంలో సరిగ్గానే ఉంది కదమ్మా. ఆ రెండో వరుస మీ కాలనీలో ఎవరు చదువుతారు?”

నిజమే. తమిళం వరుస ఇద్దరికీ సరిపోతుంది. నేను రాసిన తెలుగు వరుస ఒక్కటే అబద్ధం. అది చదవగలిగింది నేనొక్కదాన్నే.

“నేను చదువుతాను అన్నా” అన్నాను.

ఫిబ్రవరి 13

చీటీలు వచ్చినాయి. హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. ఇంట్లో పెట్టడానికి లేదు... అవ్వకు కనపడవని తెలుసు. అయినా.

ఫిబ్రవరి 14

అవ్వ ఫ్రేముతో మాట్లాడుతోంది. నిన్న ఏం కూర, నాయన ఎన్ని గంటలకు వచ్చినాడు, నా పెండ్లి మాట. వింటూ బట్టలు మడతపెట్టినాను. ఒక చీర మూడుసార్లు మడతపెట్టినాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

సారవ్వ ఇంటికి పోయినాను. గుమ్మంలో కూర్చొని మునగాకు దూస్తోంది. నేను నోరు తెరవకముందే —

“తేలు దొరికిందా?”

“దొరికింది అవ్వా.”

“ఆమా, దొరకదా మరి. ఎక్కడికి పోతుంది.”

పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ ఫోటో తీసిన రోజు తనూ అక్కడే ఉందంట. అప్పటికి తొమ్మిదేళ్ళు ఉంటాయంట. అమ్మ కొంగు పట్టుకొని నిలబడితే, మేస్త్రీ “పాపా, అవతలికి పో” అన్నాడు. పోయింది. “పోకుండా ఉండి ఉంటే నేనూ ఫోటోలో ఉందును. నీకు ఈ కష్టమే లేకపోవును.” నవ్వింది. మరుసటి వానాకాలంలో వాళ్ళమ్మ పోయింది, జ్వరంతో. ఫోటో తీసినారని తెలుసు, ఎవరి దగ్గర ఉందో తెలియదు. మేస్త్రీని అడగడానికి భయం. డెబ్బై ఏండ్లు.

“మీ అవ్వకు చెప్పినావా?”

“లేదు. నువ్వు చెప్పమంటే చెప్తాను. చీటీలు వేయించినాను, అన్ని పుస్తకాల మీదా అంటిస్తాను.”

ఆకు దూయడం ఆపింది.

“వద్దు కణ్ణు, వద్దు తల్లీ. నా అమ్మకు మీ అవ్వ బొట్టు పెట్టి మొక్కుతుంటే నాకు కడుపు మండదా? మండుతుంది. మనిషినే కదా. కానీ నాకు తొమ్మిదేండ్లు ఉండె అమ్మ. దానికేం ఉండె?”

నేను ఏడ్చినాను. సారవ్వ ఏడవలేదు. కాసేపయినాక లోపలికి పోయి తన పుస్తకం తెచ్చింది.

“నా దాంట్లో మాత్రం సరిచేసి ఇయ్యి.”

అక్కడే, ఆకు పళ్ళెం పక్కన పెట్టి, ఒక చీటీ తీసి ఆ పేరు మీద అంటించినాను. ఏది అక్షరం అని అడిగింది. వేలు పట్టుకొని ‘పా’ మీద పెట్టినాను. “ఇదా?” అంది. “ఇదేనా మా అమ్మ?”

ఫిబ్రవరి 16

మిగిలిన చీటీలు బ్యాగులోనే. వద్దన్నది సారవ్వ. కానీ ఆమె అవ్వ కన్నా పెద్దది. ముందు ఆమె పోతే? అవ్వ పోయేదాకా కాచుకోవాలా నేను? ఎవరు ముందు పోతారని లెక్క చూసే మనిషినైనానా...

కౌంటర్‌లో ఒక పేషెంటు పేరు తప్పు కొట్టినాను. నా ఉద్యోగంలో ఇంతవరకు జరగలేదు.

ఫిబ్రవరి 19

రాయాలా వద్దా అని రెండు రోజులు రాయలేదు.

మొన్న అవ్వ సారవ్వ ఇంటికి పోయింది. నేను లేను. ఇద్దరూ కాఫీ తాగినారంట. సారవ్వ గ్లాసులు కడగడానికి పెరట్లోకి పోతే, అవ్వ అక్కడున్న పుస్తకం తీసుకొని వాళ్ళమ్మను తడిమింది, మా ఇంట్లో తడిమినట్టే. కళ్ళు లేవు గాని వేళ్ళు ఉన్నాయి.

ఆ సాయంత్రం నేను వచ్చి చెప్పులు విప్పుతున్నాను. అవ్వ మంచం మీద మా పుస్తకం పెట్టుకొని కూర్చొని ఉంది. అట్ట మీద బొటనవేలు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు.

“జయా, సారా బుక్కులో మా అమ్మ కింద ఏమో కాగితం అంటించినావే. వేలికి తగిలింది. మన దాంట్లో లేదు.”

“ఏమీ లేదు అవ్వా. చిన్న తప్పు. దిద్దినాను.”

వేలు ఆగింది.

“మా అమ్మ దగ్గర ఏం తప్పు?”