అచ్చు విడిచిన తొట్టి

ఆగిరిపల్లి, ఏప్రిల్ 28

అన్నయ్యా, ఇక్కడ అందరం కులాసా. నువ్వున్న బోర్డర్ పోస్టులో సిగ్నల్ ఉండదని కార్డు రాస్తున్నాను.

మామిడికాయలు నలక్కుండా మోసే బైక్ ట్రైలర్‌కి ఫైబర్ తొట్టి నేనే చేస్తున్నానన్నాను కదా. వారంలో అయిపోతుందనుకున్న అచ్చుకే ఐదు వారాలూ నలభై వేలూ పట్టాయి. నాన్న నెల రోజులుగా నాతో ముభావంగా ఉన్నారు. అచ్చులో ఫైబర్ పొరలు వేసి ఆరాక నిన్న తీయబోతే తొట్టి అచ్చుకి పట్టేసి కదల్లేదు. గట్టిగా లాగితే రెండూ చీలిపోతాయని నాకు చేతులాడలేదు. నాన్నే వచ్చి, "ఉండమ్మా, కంగారుపడకు," అంటూ అంచు సందులోకి నీళ్లు పోసి, రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లగా కొట్టారు. గంట తర్వాత టప్పుమని ఊడొచ్చింది. ఒక్క గీత కూడా పడలేదు. అచ్చు ఉంది కాబట్టి ఇకమీదట ఒక్కో తొట్టికి రెండు రోజులు, తొమ్మిది వేలు చాలు.

నీ బండి తాళం ఎక్కడ పెట్టావు? ట్రైలర్ దానికే తగిలిస్తాను, కోప్పడకు. మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ ఆవకాయ పార్సిల్ చేస్తోంది, ఎన్ని కిలోలు కావాలో రాయి.

అమ్మానాన్నల ఆశీస్సులు. తొట్టి మీద ఎవరి పేరు రాయాలని పెయింటర్ అడిగితే, నాన్న నా పేరు చెప్పారు.

నీ చెల్లి
మనోజ్ఞ