నీలం డబ్బా బయట పెట్టిన రోజు

బుధవారం రాత్రి, మిష్రిఫ్

ఊరంతా ఇంటింటికీ ఇచ్చిన నీలం డబ్బాను ఈ రోజే మొదటిసారి వీధిలో పెట్టాం. కాగితాలు, సీసాలు, ప్లాస్టిక్ మాత్రమే అందులో వేయాలట. "బండి వచ్చేదాకా అక్కడే ఉండు" అని మామా, అంటే ఇంటి యజమానురాలు, నన్ను పంపింది. దేశం దాటొచ్చి ఈ అరబ్బుల ఇంట్లో పనికి చేరాక నేను ఒంటరిగా గేటు దాటడం ఇదే మొదలు.

ఎదురింటి పనామె కూడా డబ్బా తెచ్చింది. చేతిలోని సీసా జారితే తెలుగులో "అయ్యో దేవుడా" అంది. నా కాళ్లు వాటంతటవే అటు నడిచాయి.

"యాడ నుంచి వచ్చినావక్కా?"

ఆమె డబ్బా వదిలేసి నా దగ్గరికొచ్చింది. "జగిత్యాల దిక్కు. నువ్వు?"

"రాయచోటి కాడ."

"ఫోన్ల రోజు మాట్లాడుతనే ఉంటా చెల్లె. గని మనిషి ఎదురుంగ నిలవడి మన మాట మాట్లాడక ఏడాదైంది. ఏమన్న చెప్పు, ఊకె వింట."

మధ్యాహ్నం కూరలో ఉప్పెక్కువై మామా చేత తిట్లు తిన్నానని చెప్పాను. ఆమె నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అంతలో బండి వచ్చి రెండు డబ్బాలూ ఖాళీ చేసింది. త్వరగా రమ్మని లోపలి నుంచి మామా "యల్లా" అని కేకేసింది.

ఇప్పుడు పడుకుంటే చెప్పాల్సినవన్నీ గుర్తుకొస్తున్నాయి. మా చెనక్కాయల చేను, వానొచ్చే ముందు మా మిద్దె మీది గాలి, నా పాప మొదటి అడుగులు నేను ఫోన్లో చూడటం...

వచ్చే వారం నుంచి డబ్బాను ఇంటి డ్రైవరే పెడతాడని మామా చెప్పింది. నేను ఆ అక్క పేరైనా అడగలేదు.