కవరులో దాచిన ఊరు

అమ్మాయికి నాన్న రాసేది. ఒంట్లో బాగానే ఉంది, కంగారు పడకు.

పెళ్లయిన కొత్తలో నువ్వన్న మాట పదకొండేళ్లుగా నన్ను పొడుస్తూనే ఉంది. "కార్డు రాయకు నాన్నా, మీ కంపు ఊరి పేరు మా అత్తగారు చూస్తుంది" అన్నావు. మన ఊరు అనలేదు, మీ ఊరు అన్నావు. అప్పట్నుంచీ కవర్లే అంటించాను. ఇవాళ కావాలనే కార్డు రాస్తున్నాను. అందరూ చదువుకోనీ.

ఊరు బాగుపడింది. మురుగుకాలవ మీద పలకలు పరిచి బెంచీలు వేశారు. అప్పట్లో ముక్కు మూసుకుని పోయినవాళ్లే ఇప్పుడు పొద్దున్నే అక్కడ గాలి పీలుస్తున్నారు. మీ అన్న ఆ కాలవ పూడిక తీయడానికి దిగాడు కదా, మళ్లీ పైకి రాలేదు. కాలవ బాగుచేసినవాళ్ల పేర్లతో అక్కడో రాయి పెడతారట. వాడి పేరు కూడా చెక్కమని ఆఫీసుకి వెళ్లాను.

"రాయి మీద జాగా తక్కువ తాతా" అన్నాడు గుమాస్తా.

"వాణ్ణి దింపిన కన్నంలో బోలెడంత ఉందేంట్రా జాగా?" అన్నాను.

సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. నాతోపాటు వాడి తోబుట్టువు కూడా తన పుట్టిన ఊరి పేరు రాసి, ఆఫీసుకొచ్చి సంతకం పెట్టాలట. వాడికి నువ్వు తప్ప ఎవరున్నారు?

చిన్నదానికి పాలపళ్లు ఊడాయా? నా పాత కళ్లజోడు నీ పెట్టెలో వచ్చిందేమో వెతుకు. మీ అత్తగారికి నమస్కారాలు, ఈపాటికి ఆవిడా చదివే ఉంటుంది.

నెలాఖరుకి రాయి చెక్కేస్తారు. వస్తావో రావో ఇరవయ్యో తారీకులోపల నాకు తెలియాలి. కార్డు మీదే రాయి. కవరు వస్తే విప్పను.