మిసొలోంగి ముట్టడి, నా సెలవు

ధహ్రాన్,
మార్చి 2004

అక్కా,

చంటిదాని బారసాలకు రాలేకపోతున్నాను. తిట్టే ముందు సంగతి విను. నా సెలవు కాగితం మీద గ్రీకు ఇంజనీరు స్పిరోస్, తుర్కీ మేనేజరు ఓర్హాన్ సంతకాలు చేయాలి. గ్రీకులు తుర్కీ మీద తిరగబడ్డ రోజుల్లో, 1822లో, మిసొలోంగి అనే ఊరిని తుర్కీ సైన్యం ముట్టడించిందట. క్రిస్మస్ నాడు అందరూ చర్చిలో ఉంటారనుకుని మీద పడి, చావుదెబ్బలు తిని పోయిందట. దాని గురించి ఇక్కడ రోజూ గొడవే.

"తోక ముడిచారు!" అంటాడు స్పిరోస్.

"నాలుగేళ్ళకు పట్టుకున్నాంగా!" అంటాడు ఓర్హాన్.

"అవును సార్, మీరే గెలిచారు" అని ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. ఇద్దరూ మురిసిపోయారు. నిన్న భోజనాల దగ్గర ఆ సంగతి బయటపడింది. నూట ఎనభై ఏళ్ళ పగ మరిచి ఇద్దరూ ఒకటయ్యారు. స్పిరోస్ కాగితం చించాడు, ఓర్హాన్ చెత్తబుట్ట అందించాడు.

పాప పేరు విషయంలో నీకూ మీ అత్తగారికీ పడటం లేదని అమ్మ రాసింది. దయచేసి నన్నడగొద్దు.

నీ తమ్ముడు