పై గ్యాలరీ చివరి వరస

హెస్టర్ అత్తా,

హడావుడిగా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తిట్టకు. లండన్ స్టేజీ మీద పన్నెండేళ్లు పాడినదాన్ని, ఇవాళ మొదటిసారి సినిమా కెమెరా ముందు పాడాను! జోలపాట. ఆరు టేకులు పాడుచేశాను.

"అమ్మా తల్లీ, పాప ఊయల్లో ఉంది, ఊరవతల కాదు!" అని డైరెక్టర్ గిల్బీ నెత్తి కొట్టుకున్నాడు. ఇంకొక్కటి పోతే వేరే నటిని పిలుస్తానన్నాడు. "ఎవరికి వినబడాలని ఆ అరుపు?"

"మా అత్తకండీ. ఎప్పుడూ పై గ్యాలరీ చివరి వరసలోనే కూర్చుంటుంది. వినబడకపోతే ఆటయ్యాక నన్ను ఉతికేస్తుంది."

ఆయన నవ్వి, కెమెరా పక్కన ఖాళీ కుర్చీ ఒకటి వేయించాడు. "ఇవాళ మీ అత్త ఇక్కడ కూర్చుంది. పాడు."

నీ చెవిలో పాడినట్టు పాడాను. చప్పట్లు లేకపోయేసరికి ఇదీ పోయిందనుకున్నాను. తీరా చూస్తే, గిల్బీ ఓకే అన్నాడు!

గురువారం ఇంకో పాట ఉంది. ఆ కుర్చీ తియ్యొద్దన్నాను. ఈసారి నువ్వే వచ్చి కూర్చో.

నీ మేనకోడలు